గేదె కథలో పడిన టిక్కు

పుట్టిన ఊళ్ళో నన్ను నమ్మేవాళ్ళు మిగలకపోవడం వల్లే కెనడాలోని విండ్సర్ వచ్చి స్థిరపడ్డానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. అందులో సగం నిజం. ఇక్కడ నాకు ఇద్దరు శ్రోతలు దొరికారు. ఒకరు పక్కింటి పెద్దాయన, జీవితమంతా కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన తెల్లాయన. ఇంకొకరు రెండు వీధుల అవతల ఉండే ఫార్మసిస్టు, తెనాలి వైపు మనిషి. శనివారం సాయంత్రాలు మా గరాజ్ తలుపు ఎత్తి, మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. వాళ్ళిద్దరి ఇళ్ళ ముందూ రెండు ఎదురెదురు పార్టీల బోర్డులు ఉండేవి. నా ఇంటి ముందు మంచు తోసే పార ఉండేది.

అవి కాలేజీలు మన పిల్లలతో పొంగిపొర్లుతున్న రోజులు. బస్సెక్కితే తెలుగే ఎక్కువ వినబడేది. మా బేస్‌మెంటులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి అద్దెకు ఉండేది. చదువు అయిపోయి, వర్క్ పర్మిట్ మీద ఒక వేర్‌హౌస్‌లో సూపర్‌వైజరుగా చేస్తూ, పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటోంది. దానికోసం ఇంగ్లిషు పరీక్ష మూడుసార్లు రాసింది, ఫ్రెంచి కూడా నేర్చుకుంటోంది. మెట్ల మీద నుంచి ఆ పాఠాలు విని విని నేను ఫ్రెంచిలో వంకాయలు బేరమాడే స్థాయికి వచ్చాను.

ఎన్నికలు ప్రకటించగానే మా గరాజ్ వేడెక్కింది. విదేశీ విద్యార్థుల పేర్లు ఓటర్ల జాబితాలోకి ఎక్కిపోతున్నాయని, అడిగే నాథుడు లేడని, ఇలా అయితే రేపు ఫలితాన్ని ఎవరు నమ్ముతారని పెద్దాయన బాధ. జాబితాలో పొడవాటి పేరు కనబడితే చాలు మీకు అనుమానం, ఇది ఓట్ల గొడవ కాదు, ఒంటి రంగు గొడవ అని ఫార్మసిస్టు విరుచుకుపడేవాడు. అంతటితో ఆగకుండా, మీ సొంత కొడుకులు ఓటు వేసి ఎన్నేళ్ళయిందని కూడా అడిగాడు. అది పెద్దాయనకు తగిలింది. ఆ కొడుకులిద్దరూ పోలింగ్ రోజున చేపలు పట్టడానికి పోయే రకం. ఉన్నవాళ్ళే ఓటుకు కదలని ఊళ్ళో దొంగ ఓటు వేసే ఓపిక ఎవరికి ఉంటుందని ఫార్మసిస్టు ఇంకో పుల్ల పెట్టాడు. నేను ఊరుకోలేక మధ్యలో దూరి, విద్యార్థుల్లో ఒక్కరి పేరు జాబితాలో చూపించినా బతికినంత కాలం మీ వాకిట్లో మంచు నేనే తోస్తానని పెద్దాయనకు మాట ఇచ్చాను. మాట ఇవ్వడం నాకెప్పుడూ తేలికే.

తర్వాతి మంగళవారం పెద్దాయన తలుపు తట్టాడు. చేతిలో ఓటరు కార్డు ఉంది. పోస్టు మనిషి పొరపాటున ఆయన డబ్బాలో వేసి పోయాడట. దాని మీద మా బేస్‌మెంటు అమ్మాయి పేరు, ఇంటిపేరుతో సహా, చోటు చాలక రెండో లైనులోకి జారి ఉంది.

శనివారం గరాజ్‌లో అయితే ఆయన దాన్ని జెండాలా ఊపేవాడే. ఇప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. "ఈ పిల్ల సిటిజన్ కాదు కదా?"

కాదన్నాను.

"నేను ఇన్నాళ్ళూ చెబుతున్నది ఇదే. మా పార్టీవాళ్ళకు ఒక్క ఫోటో పంపితే రేపటికి ఊరంతా తిరుగుతుంది. కానీ నా మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు నాకు సూప్ తెచ్చి పెట్టింది ఈ పిల్ల." ఆ సూప్ పేరు మిరియాల చారని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

అమ్మాయిని పైకి పిలిచాను. కార్డు చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. నాకు భయం వేసింది అప్పుడే.

"మా ఊర్ల ఓటేద్దామని పోతే లిస్టుల నా పేరే లేకుండె అంకుల్. గల్లంతయిందన్నరు. ఈడ అడగకముందే ఇంటికి పంపిన్రా?"

విషయం చెప్పక తప్పలేదు. సిటిజన్ కాకుండా ఓటు వేస్తే నేరం. వేయకపోయినా, ఆ జాబితాలో పేరుందని రేపు పీఆర్ ఫైలు చూసే ఆఫీసరుకు తెలిస్తే, నువ్వే అబద్ధం చెప్పి ఎక్కించుకున్నావని అనుకోవచ్చు. ఆమె కార్డు తిప్పి వెనకవైపు కూడా చదివింది. సిటిజన్‌నని తను ఎవ్వరికీ ఎప్పుడూ చెప్పలేదంది.

ఎవరు చెప్పారో నాకు ఆ క్షణాన గుర్తొచ్చింది.

అంతకుముందు ఏడాది ఆమె టాక్స్ రిటర్ను నింపింది నేను. ఆమెనూ, స్నేహితురాళ్ళిద్దరినీ భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుని, లాప్‌టాప్ మీద టకటకా నొక్కుతూ నా పాత గేదె కథ చెప్పాను. ఎలక్షన్ డ్యూటీలో, లంకలో ఉన్న ఒకే ఒక్క ఓటు కోసం, బ్యాలెట్ పెట్టె నెత్తిన పెట్టుకుని, గేదె తోక పట్టుకుని నేను వరద గోదావరి ఈదాను. అవతలి ఒడ్డున తొంభై ఏళ్ళ అవ్వ గేదెను ఎగాదిగా చూసి, ఎలక్షన్లో నిలబడింది ఈయనేనా, ఓటు ఈయనకే వేస్తానంది. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే తెర మీద ప్రశ్న వచ్చింది, మీరు కెనడా పౌరులా, మీ వివరాలు ఎన్నికలవాళ్ళకు ఇవ్వచ్చా అని. నేను గోదావరి మధ్యలో ఉన్నాను. నా రిటర్నులో ఏటా నొక్కే అలవాటు కొద్దీ రెండింటికీ అవునని టిక్కు పెట్టేశాను. మిగతా ఇద్దరి ఫారాలు గేదె నీళ్ళలోకి దిగకముందే అయిపోయాయి కాబట్టి బతికిపోయారు.

ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను. ఆమె తన ఫోనులో ఆ రిటర్ను తెరిచి టిక్కు చూసుకుంది. తిట్టినా బాగుండేది.

ఫార్మసిస్టుకు ఫోన్ చేస్తే, చింపి చెత్తలో వేయమన్నాడు. ఎవరూ ఓటు వేయలేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు, ఇది బయటికొస్తే మాత్రం మన పిల్లలందరి మీదా పడతారు అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. ఫోను స్పీకర్‌లో ఉండటంతో అమ్మాయి అంతా వింది.

"కార్డు చింపితే లిస్టుల పేరు పోతదా అంకుల్?" అంది.

పెద్దాయన ట్రక్కులో ముగ్గురం బయల్దేరాం. ఎన్నికల ఆఫీసు మూతబడ్డ పరుపుల దుకాణంలో పెట్టారు. బల్ల వెనక ఉన్న ఆఫీసరమ్మ ఇది ఎలా జరిగిందని అడిగింది. నిజం చెప్పడంలో నాకు అభ్యాసం తక్కువ. గోదావరి వెడల్పు దగ్గర మొదలుపెట్టాను. గేదె వచ్చేసరికి ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "జర ఆగుండ్రి అంకుల్. ఇది నా బతుకు. నేను చెప్త."

ఇంగ్లిషులో నాలుగే ముక్కలు చెప్పింది. నేను సిటిజన్‌ను కాదు. నా ఫారం నింపినాయన తప్పు టిక్కు పెట్టాడు, పక్కనే ఉన్నాడు. నా పేరు తీసేయండి. తీసేయమని అడిగినట్టు నాకు కాగితం ఇవ్వండి.

ఓటు వేయకముందే రావడం మంచిదైందని ఆఫీసరమ్మ ఆమెతో ఒక ఫారం నింపించి, నకలు ఇచ్చింది. టాక్స్ ఫారంలో కూడా దిద్దించుకోమంది. ఆఫీసరమ్మ అడగకపోయినా అమ్మాయి నా దగ్గర కూడా ఒక ఉత్తరం రాయించుకుంది, టిక్కు పెట్టింది నేనేనని. మొదటి ప్రతిలో గేదె ఉంది. కొట్టేయించింది. కొన్నాళ్ళకు పీఆర్ ఫైలు పెట్టినప్పుడు ఆ రెండు కాగితాలూ తనే జతచేసింది. పీఆర్ వచ్చింది.

ఆ రోజు ఎన్నికల ఆఫీసు నుంచి తిరిగి వస్తుంటే, ఈ చలికాలం నుంచి మీ వాకిలి నాదేనని పెద్దాయనతో అన్నాను. నువ్వు మంచు తోయడం చూశాను, నా పూలమొక్కలు బతకాలని ఉంది, వద్దన్నాడు. కాసేపటికి అద్దంలోంచి అమ్మాయి వైపు చూసి, శనివారం ఈ సంగతి గరాజ్‌లో చెప్పుకోవచ్చా అని అడిగాడు. ఆమె నకలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. చెప్పండి, కానీ మొత్తం చెప్పండి అంది.

శనివారం ఆయన మొదలుపెట్టాడు. కార్డు దాకా బాగానే చెప్పాడు, పేరు మూడో లైను దాకా జారిందని నా పద్ధతిలో కాస్త సాగదీశాడు గానీ. అక్కడ కాఫీ కోసం ఆగాడు. ఆ సందులో ఫార్మసిస్టు లేచాడు, ఒక్క టిక్కు పట్టుకుని ఇంతమంది పిల్లలను దొంగలను చేస్తారా అని. ఒక్కటి నా డబ్బాలో పడిందంటే పడనివి ఎన్నో అని పెద్దాయన కప్పు కింద పెట్టాడు. ఇద్దరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

అప్పుడే అమ్మాయి షిఫ్టుకు బయల్దేరి పక్క తలుపు లోంచి వచ్చింది. ఒక నిమిషం నిలబడి విన్నది.

"ఆగుండ్రి అంకుల్. ఇంకా అయిపోలే."

లంచ్ బ్యాగు నా కారు బానెట్ మీద పెట్టి, పరుపుల దుకాణం దగ్గర నుంచి కథను తనే అందుకుంది.