కన్నారావు బ్యాటరీ కొన్న రోజు

కన్నారావు బండి ఎక్కడ ఆపాలన్నా ముందు నేల వాలు చూసేవాడు. అక్కడ చెంబుడు నీళ్లు ఒలకబోస్తే ఎటు పారతాయో కళ్లతోనే కనిపెట్టేవాడు. రాయగడ స్టేషన్ ఎదుట రోడ్డు ఎటు ఒరిగి ఉందో, కొరాపుట్ కోర్టు కచేరీల దగ్గర ఏ మలుపు కిందికి జారుతుందో, కుందుర సంతలో ఏ మూల బండి ముక్కు పల్లానికి తిప్పి నిలపాలో అతనికి తెలుసు. వెనక చక్రం కింద ఒక రాయి పెట్టేవాడు. బయల్దేరేటప్పుడు రాయి తీసి, బ్రేకు వదిలి, బండి నీడలా జారుతుంటే గేరు వేసి క్లచ్ వదిలేవాడు. ఇంజను నిద్రలేచేది. స్టార్టర్ మీద వేలు పెట్టడం చేతకాని డ్రైవర్ల పని అని అతని నమ్మకం.

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదో ఏట లారీ క్లీనరుగా ఆ కొండల్లోకి వచ్చినవాడు. నల్లటి పాత అంబాసిడర్ సొంతం చేసుకునేసరికి నలభై దాటాయి. ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఇంజను ఆపేయడం లారీల మీద నేర్చాడు. పెట్రోలు మిగులుతుందని అందరూ చేసే పనే అది. కన్నారావుకి మాత్రం పెట్రోలు కన్నా ఆ నిశ్శబ్దం ఇష్టం. తాళం తిప్పగానే లోయ ఒక్కసారిగా దగ్గరికొచ్చేది. చక్రాల కింద కంకర నలిగే చప్పుడు, ఎక్కడో నీరు రాలే చప్పుడు, కొండ ఊపిరి.

డెబ్బై ఆరు డిసెంబరులో ఒక ఉదయం కాశీపూర్ నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు రాయగడలో అతని ఇంటి ముందు దిగి చీటీ ఇచ్చాడు. రాసింది అల్లుడు కూర్మారావు, అక్కడి బ్లాకు ఆఫీసులో గుమాస్తా. పద్మకుమారికి కాళ్లు వాచాయి, తెల్లవారుజాము నుంచి నడుం లాగుతోంది, ఈ రోజే బండి తెండి అని నాలుగు ముక్కలు.

కూతురు పద్మకుమారికి ఇది రెండో కానుపు. మొదటి బిడ్డ దక్కలేదు. దారిలో కుదుపులకి రక్తం పోయి తల్లి కూడా చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ఈసారి నొప్పులు రాకముందే తీసుకురమ్మని, కుదుపు తగలనివ్వొద్దని రాయగడ డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్ల పొలిమేర దాటకూడదని అత్తగారు అప్పమ్మ పట్టుబట్టింది. కన్నారావు భార్య లక్ష్మీదేవి కూడా సరేనంది. తొమ్మిదో నెల పడి రెండు రోజులే అయింది.

లక్ష్మీదేవి పాత చీరలు మూటగట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. కన్నారావు రాయి తీశాడు. బండి జారింది. క్లచ్ వదిలాడు. ఏమీ లేదు. మళ్లీ వదిలాడు. బండి వీధి చివరిదాకా మౌనంగా జారి, వాలు అయిపోయిన చోట నిలబడిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పెట్టె నిలువునా పగిలి ఉంది. యాసిడ్ కారి కింది రేకుని తినేసింది. నిప్పురవ్వకి కూడా దానిలో బలం లేదు. అలాంటప్పుడు ఎంత వాలున్నా ఇంజను లేవదు.

వీధిలో నలుగురి చేత తోయించి బండిని స్టేషన్ దగ్గర సూర్యం షెడ్డు ముందుకి చేర్చాడు. బ్యాటరీలు అమ్మేదీ, బాగుచేసేదీ అతనే. వేళ్లన్నీ యాసిడ్ తిని పసుపుపచ్చగా ఉండేవి.

"ఏటన్నా, దార్తప్పి వచ్చేవేటి? నీ బండికి కొండే బేటరీ అని సెప్పుకుంటావు కదా" అన్నాడు నవ్వుతూ.

కన్నారావు నవ్వకుండా చీటీ సంగతి చెప్పాడు. సూర్యం నవ్వు ఆగిపోయింది.

షెడ్డులో మూడు బ్యాటరీలున్నాయి. మొదటిది నిన్ననే వచ్చిన కొత్తది, ఇంకా పొడిగా ఉంది. యాసిడ్ పోసి తీరిగ్గా ఛార్జి ఎక్కించాలంటే రేపు సాయంత్రం దాకా పడుతుంది. రెండోది అద్దంలా మెరుస్తున్న కంపెనీ బ్యాటరీ. యాసిడ్‌తో సిద్ధంగా ఉంది. కానీ వానలకి ముందు వచ్చి అరుగు మీదే కూర్చుంది. మూడోది సూర్యం సొంతంగా పలకలు మార్చి కట్టినది. పైన కరిగించి పోసిన తారు ముడతలు పడి, బండ బొగ్గులా ఉంది.

సూర్యం గాజు గొట్టంతో ఒక్కొక్క గది నుంచి యాసిడ్ పీల్చి, లోపలి తేలుడు పుల్ల ఎంత ఎత్తుకి లేచిందో చూపించాడు. పుల్ల తేలితే ఆ గదిలో బలం ఉన్నట్టు, మునిగితే లేనట్టు. మెరిసేదానిలో ఐదు గదుల్లో పుల్ల బాగా తేలింది. ఆరో గదిలో మునిగినంత పని చేసింది. నల్లదానిలో ఆరు గదుల్లోనూ ఒకే ఎత్తు.

తర్వాత అతను చెప్పినదంతా కన్నారావుకి సగమే చెవికెక్కింది. కంపెనీదానిలో పలకలు ఎక్కువే గానీ పల్చన. విశాఖపట్నంలో నున్నటి రోడ్డు మీద తిరిగే కారుకి అది బాగుంటుంది. ఇక్కడి కంకర కుదుపులకి పలకల మీది మందు రాలిపోతుంది. ఘాటు ఎక్కేటప్పుడు చక్రాలు నెమ్మదిగా తిరుగుతాయి, డైనమో చాలినంత ఛార్జి పొయ్యదు. దిగేటప్పుడు డ్రైవర్లు ఇంజనే ఆపేస్తారు, అసలు పొయ్యదు. పైగా కాశీపూర్ చలి. అందుకే తను మందపు పలకలు పెట్టి నల్లదాన్ని కట్టాడు.

కన్నారావు రెండింటినీ ఎత్తి చూశాడు. నల్లదే బరువు. బరువే సీసం, సీసమే బలం అని అతనికీ తెలుసు. అయినా కిందపెట్టేశాడు. అతుకుల బ్యాటరీలు నడిరోడ్డు మీద ప్రాణం వదలడం ఎన్నిసార్లు చూశాడో. మెరిసేదాని మీద తన ముఖం కనిపించింది. వెనక సీట్లో మూట పట్టుకున్న లక్ష్మీదేవి కనిపించింది. కూతురికి ఈసారైనా అన్నీ కొత్తవే ఉండాలి అనిపించింది.

"ఇదే ఇయ్యి" అన్నాడు.

"నీ ఇష్టం. మరి దిగుట్లో తాళం ముట్టుకోకు. ఆసుపత్రి కాడిదాకా ఇంజను ఆరనీకు" అన్నాడు సూర్యం, తీగ బిగిస్తూ.

కాశీపూర్ క్వార్టర్లు పళ్లెంలాంటి మైదానంలో ఉన్నాయి. ఎటు చూసినా చదునే. ఇదివరకు కన్నారావు అరమైలు దూరంలో వాలు చూసి బండి ఆపి, నడిచి వచ్చేవాడు. ఆ రోజు గుమ్మం ముందే, ఇంజను ఆపకుండా నిలిపాడు. పెడల్ మీంచి కాలు తియ్యలేదు. పద్మకుమారి గోడ పట్టుకుని నడిచి వచ్చింది. ముఖం పాలిపోయి, కళ్ల కింద నీలి నీడలు. ఆమె తల లక్ష్మీదేవి ఒడిలో పెట్టుకుంది. కూర్మారావు ముందు కూర్చున్నాడు. అప్పమ్మ కిటికీలోంచి కోడలి పాదం మీద చెయ్యి వేసి, తీసింది.

పొద్దు వాలుతుండగా ఘాటు మొదలైంది. పొగమంచు పల్చటి గుడ్డలా లోయలో పరుచుకుంటోంది. ప్రతి రాయి నుంచీ చక్రాన్ని తప్పిస్తూ, ప్రతి గుంటలోకీ బండిని నిద్రపోతున్న బిడ్డలా దించుతూ వచ్చాడు. వెనక ప్రతి మూలుగూ అతని వీపుకి తగిలేది. నొప్పులు వచ్చేశాయని లక్ష్మీదేవి చెప్పనక్కర్లేదు. మూలుగుల మధ్య ఎడం తగ్గుతోంది.

చివరి వంపు తిరిగాక పొడుగాటి దిగుడు. అక్కడ ఏమైందో అతను తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా తెలియలేదు. వాలు మొదలైంది, చెయ్యి వెళ్లింది. పాతికేళ్లుగా వెళ్తున్న చెయ్యి. తాళం తిరిగింది. లోయ దగ్గరికొచ్చింది. ఆ నిశ్శబ్దంలో కూతురి ఊపిరి వినిపించాకే ఏం చేశాడో తెలిసింది.

గేరు వేసి లేపుదామంటే ఆ కుదుపు ఆమెకి తగులుతుంది. ఇంకొంచెం జారి నెమ్మదించాక మెత్తగా వదులుదాం అనుకున్నాడు. దిగుడు అడుగున, కల్వర్టు ముందు, మేకల మంద రోడ్డుకి అడ్డంగా పోతోంది. వెనక ఒక ముసలామె కర్ర ఊపుతోంది. బ్రేకు వేశాడు. మంద పోయింది. ముసలామె కూడా దాటిపోయింది. బండి చదును నేల మీద నిలబడి ఉంది.

స్టార్టర్ నొక్కాడు. ఇంజను ఒకసారి మూలిగింది. రెండోసారి దానికన్నా తక్కువగా. మూడోసారి చిన్న టిక్కు మాత్రమే వినిపించింది.

కూర్మారావు తలుపు తెరిచాడు. "మావా, నాను తోస్తాను."

ఒక్క మనిషి తోపుకి ఆ బండి కదిలేది కాదు. కదిలినా, గేరు పడ్డప్పుడు కొట్టే దెబ్బ ఎలాంటిదో కన్నారావుకే తెలుసు. చెయ్యి మళ్లీ స్టార్టర్ మీదికి పోయింది.

"నాన్నా, ఆగు" అంది పద్మకుమారి. గొంతు ఎక్కడో అడుగు నుంచి వస్తోంది. "నొప్పొస్తన్నాది. ఇది పోనీ. అప్పటిదాకా బండి కదపకు."

"అమ్మీ, పొద్దుపోతన్నాది" అన్నాడు.

"ఆగమంటన్నాను కదా."

ఆగాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఏమీ చెయ్యకుండా ఒక బండిలో కూర్చోవడం అతని జన్మలో అదే మొదలు. మంచు కల్వర్టు దాటి వచ్చి అద్దాన్ని తాకింది. వెనక లక్ష్మీదేవి కూతురి నడుం రుద్దుతున్న చప్పుడు, గాజులు మెల్లగా తగిలే చప్పుడు. నొప్పి ఎక్కింది, నిలిచింది, దిగడం మొదలుపెట్టింది. ఇప్పుడా అని అడిగాడు. కాదంది. ఇంకొకటి వచ్చింది. అదీ పోయేదాకా కూర్చున్నాడు. కూర్మారావు తలుపు పట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయాడు.

పద్మకుమారి పొడుగ్గా ఊపిరి వదిలింది. "ఊఁ. ఇప్పుడు పోనీ."

కన్నారావు క్లచ్ అడుగుదాకా తొక్కి స్టార్టర్ నొక్కాడు. ఆ రెండు నొప్పుల సేపు విశ్రాంతి దొరికిన బ్యాటరీ ఒక్క తిప్పుకి సరిపడా బలం కూడగట్టుకుంది. ఇంజను బద్ధకంగా తిరిగింది, తడబడింది, అందుకుంది.

ఆ తర్వాత అతను కుడిచేత్తో స్టీరింగు, ఎడమచేత్తో తన మోకాలు గట్టిగా పట్టుకుని నడిపాడు. ఆ చెయ్యి మళ్లీ తాళం వైపు వెళ్లకుండా. చీకటి పడుతున్నా, బ్యాటరీని తినేస్తాయని దీపాలు వెయ్యలేదు. కళ్లు నొప్పెట్టేదాకా తెల్లటి దారినే చూశాడు.

ఆసుపత్రి ఆవరణలో ఆయాలు పద్మకుమారిని లోపలికి తీసుకెళ్లారు. కన్నారావు దిగలేదు. పెడల్ మీద కాలు అలాగే ఉంచాడు. ఇక్కడ చాలదంటే కొరాపుట్ తీసుకుపొమ్మంటారేమోనని భయం. గంట గడిచింది. పొగ వరండాలోకి పోతోందని ఎవరో తిట్టారు. కదల్లేదు.

చివరికి డాక్టరమ్మే వరండాలోకి వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. ఆడపిల్ల అని, తల్లి నీరసంగా ఉన్నా భయం లేదని, ఇక ఎక్కడికీ తీసుకెళ్లక్కర్లేదని చెప్పింది.

కన్నారావు తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. లోపల్నుంచి సన్నటి ఏడుపు స్పష్టంగా వినిపించింది.