గుడ్డు పగలని టైరు

మా బావ పోయాడని కబురు తెచ్చిన మనిషిని నేను తిట్టి పంపాను. తిట్టడానికి కారణం ఉంది. అంతకుముందు ఒకసారి తన కాలు విరిగిందని ఆయనే నాకు కబురంపాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికి వెళ్తే, అరుగు మీద రెండు కాళ్లూ చాపుకుని నాటుకోడి కూర తింటున్నాడు. "ఊకె పిలిస్తే రావు గద బామ్మర్దీ. కూర చల్లారుతదని" అన్నాడు. అందుకే ఈసారి నేను తొందరపడలేదు. మంచి చొక్కా తొడుక్కుని, పోగానే ఏమని తిట్టాలో దారి పొడుగునా తయారు చేసుకుంటూ వెళ్లాను. వాళ్ల వాకిట్లో చెప్పులు చూశాక అర్థమైంది. కోడికూరకు అన్ని చెప్పులు రావు.

బావ అంటే మా అక్క మొగుడు. వాళ్ల ఊరు, పాల్వంచ నుంచి భద్రాచలం పోయే తారు రోడ్డు దిగి, టేకు అడవిలోకి పోతే వస్తుంది. నేను చదువు ఒంటబట్టక బడి మానేసి, ఆ రోజుల్లో అక్క దగ్గరే ఉండి ఆయన గుడ్ల బేరంలో చేరాను. గూడేలు తిరిగి నాటుకోడి గుడ్లు కొనడం, బుట్టలో వరి ఊక పోసి పేర్చడం, సైకిలు క్యారియర్‌కు కట్టుకుని కొత్తగూడెం సంతకు తీసుకుపోవడం, ఇదీ మా పని. గుడ్ల బేరగాడికి దేవుడు వేరే ఉండడు, దారే దేవుడు. మా దారి ఎర్ర గులకమట్టి మొరం దారి. బండి చక్రాలు దిగి పడిన గాళ్లు, వేర్లు, రాళ్లు, మధ్యలో ఒక వాగు.

అందుకే బావకు టైర్ల పిచ్చి పట్టింది. సైకిలు తొక్కినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, తొక్కనివాళ్ల కోసం చెబుతున్నాను. అప్పట్లో మాకు దొరికేవి రెండు రకాలు. ఒకటి లోడు టైరు. బియ్యం బస్తాలు మోసేవాళ్లు వేయించుకునేది. మందం రబ్బరు, ముల్లు దిగదు, ఏళ్లు గడిచినా అరగదు, కానీ రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా నడుం దాకా వస్తుంది. రెండోది పల్చటి టైరు. మెత్తగా పోతుంది, చాపమీద నడిచినట్టు ఉంటుంది, కానీ రేగుముల్లు దూరం నుంచి చూస్తేనే పంచరవుతుంది. ఏది మేలు అని సైకిలు షాపు దగ్గర బావ గంటలు గంటలు వాదించేవాడు. వాదించి వాదించి చివరికి ఏదీ కొనకుండా వచ్చేవాడు. "లోడు టైరైతే టైరుకు సుకం, ఒంటికి దుక్కం. పల్చదైతే ఒంటికి సుకం, టైరుకు దుక్కం. ఎవల్నో ఒకల్ని ఏడిపియ్యాలె గదా" అనేవాడు. ఆయనెప్పుడూ ఒంటినే ఏడిపించాడు. లోడు టైరే తొక్కాడు.

అక్కకు మళ్లీ నెల తప్పేదాకా.

మళ్లీ అని ఎందుకన్నానంటే, అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఈసారి బావ అక్కను ముందే కొత్తగూడెంలో ఒక డాక్టరమ్మకు చూపించాడు. ఆమె నెలనెలా రమ్మంది, కుదుపులు తగలొద్దంది. తారు రోడ్డు మీద బస్సు దొరుకుతుంది. అక్కడిదాకా రావడమే కష్టం. ఎడ్లబండి మీద వస్తే కడుపులో పేగులు కూడా చోటు మారతాయి. మిగిలింది సైకిలు.

"కుదుపంటే ఎంత కుదుపమ్మా?" అని బావ అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

డాక్టరమ్మ బయట లైను చూసుకుంటూ, నవ్వుతూ, "గుడ్డు పెడితే పగలొద్దు, అంతే" అంది.

ఆ మాట ఇంకెవరికి చెప్పినా నవ్వి వదిలేసేవాళ్లు. ఆమె చెప్పింది గుడ్ల బేరగాడికి. బస్సు దిగాక బావ నా భుజం పట్టుకుని, "సమజైందారా? ఊక లేకుంట, ఉత్త బుట్టల" అన్నాడు.

మర్నాడే పరీక్ష మొదలైంది. చూడాలి ఆ సంబరం. గూడెం నుంచి వచ్చినవాళ్లు, కట్టెల మోపులు కట్టేవాళ్లు, పని మానుకుని దారి పక్కన నిలబడ్డారు. ఊక పోయని బుట్టలో గుడ్లు, వెనక లోడు టైరు. బావ వాగు దాటేసరికే బుట్ట కింద నుంచి సొన కారుతోంది. రెండోసారి పల్చటి టైరు బిగించాడు. గుడ్లు చాలావరకు నిలిచాయి, టైరే నిలవలేదు. రేగుముల్లు దిగి దారిలోనే కూర్చుంది. బావ దాన్ని భుజాన వేసుకుని వచ్చి, పాత ట్యూబు నిలువునా కోసి, టైరుకూ లోపలి ట్యూబుకూ మధ్య పరిచాడు. "ముల్లుకు మనిషి తెల్వదురా. మనమే దానికి అడ్డం ఇంకో తోలు పెట్టాలె" అన్నాడు.

మూడోసారి ఆయన ఎంత ఉషారుగా ఉన్నాడంటే, చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. తెల్లారగానే అక్కకు చెప్పాను, అక్క నవ్వుతూనే పొయ్యి మీద నీళ్లు పెట్టింది. పచ్చిగుడ్లు తీసి, ఉడికిన గుడ్లు బుట్టలో పెట్టాను.

బావ తొక్కాడండీ. గాళ్లు లేవు, వేర్లు లేవు, వాగు లేదు, గాలిలో పోయినట్టు పోయాడు. నేను వెనక ఉరుకుతూ తారు రోడ్డు చేరేసరికి సైకిలు స్టాండు వేసి, బుట్ట నెత్తిన పెట్టుకుని చిందులేస్తున్నాడు. "ఒక్కటి పగల్లేదు బామ్మర్దీ. ఒక్కటంటే ఒక్కటి." ఆ సంతోషంలో ఒక గుడ్డు తీసి, హ్యాండిలుకు కొట్టి, పచ్చిది తాగుదామని నోరు తెరిచి తల పైకెత్తాడు. ఏమీ పడలేదు.

నేను రోడ్డు మీద పడి దొర్లాను. ఆయన గుడ్డును చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా పెంకు ఒలిచి తిన్నాడు. తరవాత మిగిలినవి ఒక్కొక్కటి తీసి ఎండకు పెట్టి తిప్పుతూ చూశాడు.

"ఏం చూస్తున్నవ్ బావా?"

"గీత ఉందా అని. ఉడికినా పెంకు పెంకే గదరా. ఒక్క దానికి గీత పడలే. నీ మోసం గూడ నా టైరుకే సాచ్చెం చెప్పింది పో" అన్నాడు. అక్కడే ఓడిపోయాను నేను. కానీ ఆయన అంతటితో వదిలే మనిషి కాదు. "ఇంకొక్కటి తక్కువైంది. రేపు చెప్త" అన్నాడు.

మర్నాడు అక్క చీర తెచ్చి నాకు చుట్టాడు. "మీ అక్క ఎక్కేది ఉత్త క్యారియర్ కాదు గదా. మనిషి బరువుండాలె" అని, బొంత మడిచి పరిచి, నన్ను పక్కకు కూర్చోబెట్టి, ఒళ్లో పచ్చిగుడ్ల బుట్ట పెట్టాడు. చీర ఎందుకయ్యా అంటే, "మనసుకు పట్టాలె, మెల్లగ తొక్కుత" అన్నాడు. దారి పక్కన ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏమమ్మా, ఎన్నో నెల?"

"మీసాలు గూడ వచ్చినయ్, మొగపిల్లగాడే."

బావ వెనక్కి తిరిగి, "మాట్లాడకు, గుడ్లు చూసుకో" అన్నాడు. అప్పుడే ఒక రాయి తగిలింది. గాలి తక్కువ పెట్టాడేమో, నా బరువుకు టైరు నలిగి రిమ్ము నేలకు కొట్టుకుంది. ట్యూబు పోయింది, గుడ్లు పోయాయి, చీర పోయింది. సొన కారే చీరతో నేను ఇంటికి నడిచిన నడక మా ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ దెబ్బతో ఆయనకు అసలు సంగతి దొరికింది. టైరు ఒక్కటే కాదు, గాలి. ఎక్కువైతే గుడ్డు పగులుతుంది, తక్కువైతే ట్యూబు పగులుతుంది. బొటనవేలితో నొక్కి చూసేవాడు. పండబోయే జామకాయంత మెత్తగా ఉండాలి. మళ్లీ చీర కట్టాడు, మళ్లీ ఎక్కించాడు, గాలి కొంచెం కొట్టాడు, కొంచెం వదిలాడు. చివరికి ఒకరోజు ఒళ్లో గుడ్లు ఒళ్లోనే ఉండగా తారు రోడ్డు వచ్చింది. ఆయన చిందులేయలేదు. సైకిలు పట్టుకుని అలాగే నిలబడి, "ఇగ మీ అక్కను తోల్కపోదాం" అన్నాడు.

నెలనెలా పోయాం. బావ తొక్కేవాడు, అక్క బొంత మీద, నేను చేతిలో పంపుతో వెనక. ఏ కుదుపూ లేకుండా ఎండాకాలం వచ్చింది. అడవిలో బీడీల తునికాకు కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం, ఇంకా చాలా రోజులుందనగా, అక్కకు నొప్పులు వచ్చాయి.

ఆరోజు వాగు దాటి చాలా దూరం వచ్చాక, ఆ పరిచిన ట్యూబు కూడా దాటుకుని ముల్లు దిగింది. గాలి పోయే చప్పుడు ముగ్గురికీ వినిపించింది. బావ దిగాడు. అక్క క్యారియర్ పట్టుకుని కళ్లు మూసుకుంది.

"జర ఆగు బావా, పంచరేస్త" అన్నాను.

"ఆగేది నువ్వూ నేనా?" అని అక్క వైపు చూపించాడు. "వెనక పట్టుకో. గాలి లేని టైరు రిమ్ముకు కొడతది, గాడి వచ్చినప్పుడల్లా లేపు."

"టైరు పోతది."

"పోనీ."

టైరు కొంచెం అరిగితేనే అన్నం సయించని మనిషి, గాలి లేని ఆ టైరు మీదే సైకిలు తోస్తూ ఉరికాడు. నేను క్యారియర్ కింద చేతులు పెట్టి ప్రతి రాయి దగ్గరా బండిని, అక్కను, కడుపులో ఉన్నదాన్ని కలిపి పైకి లేపుతూ ఉరికాను. నా చేతులు ఊడిపోతున్నాయి. "బావా, ఈ టైరు గిట్ల ఎంత దూరమొస్తది?" "వస్తది, పల్చదైనా లోపల మంచి నూలు అల్లిక." "నేను అప్పుడే చెప్పిన లోడుదే ఎయ్యమని." అక్క కళ్లు తెరిచి, "మీ టైర్ల పంచాయితీ పాడుగాను, నన్ను చూడుండ్రి" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే ఆమె ఏడ్చింది. తారు రోడ్డు మీద తునికాకు లారీ వస్తుంటే బావ సైకిలు నాకు వదిలేసి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. లారీ ఆగకపోతే ఆయన పక్కకు జరిగేవాడు కాదని నాకు తెలుసు. డ్రైవరుకు కూడా తెలిసింది.

దవాఖానాలో దీపాలు పెట్టేవేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. బావ చేతులు జోడించి, "గుడ్డు పగల్లేదు గదమ్మా" అన్నాడు.

"ఏ గుడ్డు?" అంది ఆమె.

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. లేకపోతే అక్కడే నవ్వేవాణ్ణి, లేదా ఇంకేదో చేసేవాణ్ణి.

అక్కను ఇంటికి పంపే రోజుకు బావ సైకిలు బాగు చేయించి తారు రోడ్డు దగ్గరకు తెచ్చాడు. ముందు లోడు టైరు, వెనక కొత్త పల్చటి టైరు. అన్నేళ్ల వాదం అలా తెగింది. నేను బొటనవేలితో నొక్కి చూశాను, జామకాయంత ఉంది. అక్క బిడ్డను ఒళ్లో పెట్టుకుని బొంత మీద కూర్చుంది. బావ ఎక్కుతాడని చూస్తే, హ్యాండిలు నా చేతికిచ్చాడు.

"నువ్వు తోల్కరా. నడిపియ్, తొక్కకు."

"ఎందుకు బావా? టైర్లు బాగనే ఉన్నయ్ గద."

ఆయన అంగీ చేతులు పైకి మడిచి ముందుకు నడిచాడు. దారిలో రాయి కనిపిస్తే కాలితో పక్కకు నెట్టాడు. నెట్టినా కదలనిదాన్ని వంగి రెండు చేతులతో లేపి, టేకు చెట్ల మొదట్లో పెట్టి వచ్చాడు. వేరు దగ్గర మన్ను తోడి పోసి తొక్కాడు. ఎండెక్కుతోందని అక్క పిలిచింది. "వస్తున్న, మీరు నడువుండ్రి" అన్నాడు, తిరిగి చూడకుండానే. బిడ్డ నిద్రపోతోంది. మేము మెల్లగా నడుస్తున్నాం. మాకు ముందు, ఎర్రటి మొరం దారిలో, ఆయన తెల్ల అంగీ వంగుతోంది, లేస్తోంది, ఇంకొంచెం ముందుకు పోయి మళ్లీ వంగుతోంది.