చివరి చెంబు

అది 2006. అనకాపల్లిలో ఒక తల్లీపిల్లల ఆసుపత్రిలో ఎన్.ఐ.సి.యు. ఇన్‌ఛార్జి నర్సుగా పనిచేసేదాన్ని. ఎన్.ఐ.సి.యు. అంటే ప్రాణాపాయంలో ఉన్న పసికందులను ఉంచే గది. దానికి గేటూ నేనే, తాళమూ నేనే. చెప్పులతో అడుగుపెడితే డాక్టరుగారినైనా కసిరేదాన్ని.

ఎస్. రాయవరం దగ్గర పల్లె నుంచి వచ్చిన రూతుకు మా దగ్గరే సిజేరియన్‌ అయింది. మగబిడ్డ. గుండె సరిగా ఏర్పడలేదు. బిడ్డను తండ్రి విశాఖ తీసుకెళ్ళి చూపించి, ఆపరేషన్‌కు లొంగేది కాదని తెలిశాక వెనక్కి తెచ్చేశాడు. వెంటిలేటర్‌, అంటే ఊపిరి అందించే యంత్రం, పెట్టినా బాధను పొడిగించడమేనని డాక్టరుగారు చెప్పారు. భార్యాభర్తలిద్దరూ వద్దన్నారు. ఇక మిగిలింది కంఫర్ట్‌ కేర్‌. వెచ్చగా ఉంచడం, ఆయాసం తెలియకుండా మందు ఇవ్వడం, అంతే.

రూతు మాత్రం బిడ్డను ఇంకా చూడలేదు. అత్తగారు మరియమ్మ చూడనివ్వలేదు.

“సూపించకండి సిస్టరమ్మా. ఒకపాలి మొగం సూసిందంటే జన్మలో మరవనేదు. పచ్చి బాలింతరాలు, తట్టుకోనేదు.”

“కన్నతల్లమ్మా అది! వద్దనడానికి నువ్వెవరు?” అన్నాను. నా నోరు అలాంటిది. ఆవిడ కదల్లేదు. కొడుకు తల్లి మాట దాటడు. బలవంతంగా తీసుకురావచ్చు, కానీ రేపు ఆ పిల్ల బతకాల్సింది ఆ ఇంట్లోనే. వార్డులో నేను కనబడితే చాలు, రూతు ఒకటే అడిగేది.

“నా బాబుని ఒక్కపాలి ఎత్తుకోనిత్తారా సిస్టర్‌?”

విశాఖ నుంచి తెచ్చిన మర్నాడు పొద్దున్నే బిడ్డ ఊపిరి మందగించింది. ఇవాళ గడవదన్నారు డాక్టరుగారు. కడసారి చూపుకని మరియమ్మను లోపలికి పిలిచాను. ఆవిడ ఏడవలేదు. బిడ్డ జుట్టులో ఎండిపోయిన పురిటి మరకను వేలితో తడిమింది.

“ఈడికి నీళ్ళు పొయ్యనేదేటి?”

“చలి తగులుతుందని పోయలేదమ్మా.”

“ఇంక సలికి బయమేటి సిస్టరమ్మా? మా ఇంట్లో పిల్లలందరికీ నా కాళ్ళమీదే నీళ్ళోసేను. ఈడొక్కడినీ మైలతో అంపేత్తానా?”

డాక్టరుగారిని అడిగితే, “వెచ్చగా ఉండేలా చూడమ్మా” అని మాత్రం అన్నారు. పక్క గదిలో రూమ్‌ హీటర్‌ పెట్టించి, నీళ్ళు కాచి తెచ్చాను. మరియమ్మ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, కాళ్ళు చాపింది. ముక్కు దగ్గర ఆక్సిజన్‌ గొట్టం అలాగే ఉంచి, బిడ్డను ఆ కాళ్ళమీద పడుకోబెట్టాను. రుద్దే మనిషి ఒకరైతే పోసే మనిషి ఇంకొకరు కావాలి కదా. చెంబు నేనే అందుకున్నాను.

“నువ్వు కాదమ్మా. మా ఇంటోలే పొయ్యాల,” అంది మరియమ్మ. కొడుకు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నేను చెంబు అందించబోతే వెనక్కి తగ్గాడు. ఆవిడ అతన్ని చూసింది, బిడ్డను చూసింది. “ఎల్లి దాన్ని తీసుకురారా,” అంది.

రూతు వీల్‌చెయిర్లో వచ్చింది. బిడ్డను చూసి, “ఓలమ్మా, ఎంత జుట్టే!” అంది. కుట్లు నొప్పి పెడుతున్నా ముందుకు వంగి చెంబు పట్టుకుంది. ఆమె పోస్తుంటే మరియమ్మ ఆ చిన్న తలను, మడతలు పడ్డ మెడను నెమ్మదిగా రుద్దింది. వెచ్చటి నీళ్ళకు బిడ్డ ఒకసారి కళ్ళు తెరిచాడు.

ఆఖరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి పోస్తూ, దేవుడి రక్ష కోరి దీవించడం వాళ్ళింటి అలవాటు. చెంబు తిరుగుతుండగా మరియమ్మ నోటికి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

“యేసయ్య రచ్చ, నూరేళ్ళ...” అని ఆగిపోయింది.

“అనత్తా,” అంది రూతు. “ఆపకు. అందరికీ అన్నావు కదా, నా బాబుకీ అను.”

“నూరేళ్ళాయుష్షు నాయనా,” అని మరియమ్మ భోరుమంది. నేనూ ఏడ్చాను. యూనిఫాంలో ఏడవకూడదని జూనియర్లకు చెప్పేదాన్ని నేనే.

పాత చీరగుడ్డలో చుట్టి బిడ్డను రూతు గుండెల మీద పెట్టాం. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు, అక్కడే పోయాడు. మరియమ్మ కోడలి తల నిమురుతూనే ఉంది. “బాగా సూసుకోయే, తనివితీరా సూసుకో,” అంటూనే ఉంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పనిలో ఉన్నాను. ఇంక చేసేదేమీ లేదని డాక్టర్లు ఎప్పుడన్నా, నేను ముందు ఆ ఇంటివాళ్ళకు ఏం చేసుకోవాలనుందో అడిగేదాన్ని. అడిగి, నీళ్ళు కాచడానికి పెట్టేదాన్ని.