గుమ్మానికి వేలాడే రాతి పెట్టె

నేను నంద్యాలలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. క్లాసులో ఎవరైనా మొదలుపెట్టినా నా మొహం చూసి ఆపేస్తారు. మేము క్రైస్తవులం. మా అమ్మ లెక్కలో ప్రార్థన ఉన్నచోట దయ్యం ఉండదు, నా లెక్కలో అసలెక్కడా ఉండదు. దారులు వేరైనా ఇద్దరం చేరింది ఒక చోటికే. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం గురించి కాదు, ఒక రాయి గురించి. ఇంకెవరైనా నాకు ఈ సంగతి చెప్పి ఉంటే అందరికంటే ముందు నవ్వేది నేనే.

మా తమ్ముడు ప్రభుదాసు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. క్రైస్తవుల ఇంట పుట్టి వినాయకుణ్ణి చెక్కడమేమిటని చర్చిలో కొందరు గొణిగేవాళ్ళు. "కూలికి పొయ్యేటోడు చేను ఎవురిదని అడుగుతాడా?" అని వాడు నవ్వేసేవాడు. అమ్మ మాత్రం ఎప్పటికీ సమాధానపడలేదు. వాడికి క్యారియర్ తీసుకుపోయినా షెడ్డు లోపల అడుగు పెట్టేది కాదు. రోడ్డు మీదే నిలబడి పేరు పెట్టి కేకేసేది. మా నాయన మా చిన్నతనంలోనే పోయాడు, మా ఇద్దరినీ సాకింది ఆమే. ఆమె మొండితనం తెలిసినవాళ్ళు ఎవరూ ఆమెను లోపలికి రమ్మని బలవంతపెట్టలేదు.

ఆ షెడ్డు పెద్దాచారిది. ప్రభుకు పని నేర్పింది ఆయనే. ఆయన నేర్పే మొదటి పాఠం చెక్కడం కాదు, వినడం. ఉలి వెనకవైపుతో రాయిని తట్టి చెవి ఒగ్గాలి. గంటలా పలికితే విగ్రహానికి పనికొస్తుంది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టు, దాన్ని మెట్లకో గడపలకో పంపేస్తారు. ఈ అలవాటు వాళ్ళ చేతుల్లో ఎంతగా ఇంకిపోతుందంటే, దారిన పోతూ కనబడిన ప్రతి రాయినీ తడతారు. మా ప్రభు మా ఇంటి రుబ్బురోలునూ వదల్లేదు, రోడ్డు పక్క మైలురాయినీ వదల్లేదు. అయితే విగ్రహానికి కళ్ళు తెరిచాక మాత్రం దాన్ని ఎవరూ తట్టరు. అది వాళ్ళ కట్టుబాటు.

ఇక పెట్టె సంగతి. మా చిన్నప్పుడు మేనమామ టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ ఒకటి తెచ్చిచ్చాడు. క్యాసెట్ మీద పేరు అప్పటికే అరిగిపోయింది కాబట్టి మేము దాన్ని దుంకే ఆట అనేవాళ్ళం. బొమ్మ మనిషి పరుగెత్తుతూ గుంతలు దాటాలి. దారిలో గాలిలో పెట్టెలు వేలాడుతుంటాయి, ఒక్కోదాని మీద ఒక ప్రశ్న గుర్తు. కింది నుంచి ఎగిరి తలతో గుద్దితే టింగుమని మోగి ఏదో ఒకటి ఇస్తుంది. ఎక్కువసార్లు నాణెం, అదృష్టం బాగుంటే ఒక లైఫ్, అంటే బొమ్మ మనిషికి ఇంకో ప్రాణం.

కొన్ని పెట్టెలు ఒక్కసారి ఇచ్చి ఆగిపోయేవి. కొన్ని కొట్టినకొద్దీ ఇచ్చేవి. ఏది ఎన్నిసార్లు ఇస్తుందో ముందుగా తెలుసుకునే వీలు లేదు. అయిపోయాక ప్రశ్న గుర్తు చెరిగిపోయి అది మట్టిరంగు దిమ్మగా మిగిలేది. ఆ తర్వాత ఎంత గుద్దినా పలికేది కాదు.

నేను పదో తరగతికి వచ్చేసరికి ఆ ఆట వదిలేశాను. ప్రభు వదల్లేదు. మీసాలొచ్చాక కూడా ఆ ఆటలో కొత్తవి ఏవి వచ్చినా ఎక్కడో సంపాదించి ఆడేవాడు. తర్వాత అవి ఫోన్లలోకీ వచ్చాయి. ప్రతి కొత్త ఆటలోనూ ముందు ఆ పెట్టె కోసమే వెతికేవాడు, దొరికితే పెన్నిధి దొరికినట్టు నాకు చూపించేవాడు. "సూడక్కా, అన్నీ మార్చినారు. దీన్ని మార్చేదానికి మాత్రం వాళ్ళకు గూడా మనసు రాలే" అనేవాడు. పెళ్ళి మాట ఎత్తితే ఫోన్లో తల దూర్చేవాడు కాబట్టి నాకు ఆ పెట్టె మీద కోపం కూడా ఉండేది.

ఒకసారి పెద్ద విగ్రహం కోసిన నల్లరాయిలో కొబ్బరికాయంత ముక్క మిగిలితే, ప్రభు దాన్ని పలకలు తీసి పెట్టెలా చెక్కాడు. నాలుగు వైపులా ప్రశ్న గుర్తు తేల్చాడు. పైన ఇనుప కొక్కెం బిగించి షెడ్డు గుమ్మానికి వేలాడదీశాడు. పెద్దాచారి చూసి, దేవుళ్ళను చెక్కే చేతులతో ఇదేం పిల్లచేష్ట అని తిట్టాడట. తిట్టి, లోపలికి పోతూ అలవాటు కొద్దీ ఉలి వెనకతో కింది నుంచి తట్టాడట. అది గుడిగంటలా పలికింది. "దీనికి కండ్లు ల్యావు గదా, ఎవురైనా కొట్టుకోవచ్చు" అన్నాడు ప్రభు. అప్పటి నుంచి పొద్దున పనిలోకి వచ్చేవాళ్ళందరూ దాన్ని ఒక దెబ్బ తట్టి లోపలికి పోవడం ఆనవాయితీ అయింది.

తర్వాత ప్రభుకు దగ్గు మొదలైంది. ఉలితో చెక్కే రోజుల్లో దుమ్ము అంతగా ఉండేది కాదు. కోత మిషన్లు వచ్చాక షెడ్డులో మనిషికి మనిషి కనబడనంతగా లేస్తుంది. మూతికి తువ్వాలు చుట్టుకుని పని చేసేవాడు. సిగరెట్ ముట్టనివాడు మెట్లెక్కితే ఆయాసపడుతుంటే నంద్యాలకు పిలిపించి డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి డాక్టరు తెల్లటి మచ్చల మీద వేలు పెట్టి చూపించాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, గట్టిపడిన చోటు మళ్ళీ మెత్తబడదనీ చెప్పాడు. మందులు ఎందుకని అడిగితే బాధ తగ్గడానికి అన్నాడు. ఇన్నేళ్ళు పిల్లలకు ప్రతి లెక్కకూ ఒక జవాబు ఉంటుందని చెబుతూ వచ్చినదాన్ని, ఆ మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుని లేచాను.

ఎండాకాలం వచ్చేసరికి వాణ్ణి నంద్యాలలోనే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మూతికి ఆక్సిజన్, వేలికి ఊపిరి ఎంత అందుతోందో అంకెలో చూపించే చిన్న మిషన్. నేను స్కూలుకు సెలవు పెట్టి పక్కన కూర్చుని ఆ అంకెనే చూస్తుండేదాన్ని. అమ్మ ఆళ్లగడ్డ నుంచి వస్తూ పోతూ ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం ఆ అంకె దిగడం మొదలైంది. నర్సు గొట్టం సరిచేసింది, డాక్టరు వచ్చి ఇంజెక్షన్ చేశాడు. అయినా దిగుతూనే ఉంది. ప్రభు కళ్ళు తేలేశాడు. నేను వాడి కాళ్ళు పట్టుకుని నిలబడ్డాను, ఇంకేం చేయాలో తెలియక. ఉన్నట్టుండి వాడు గట్టిగా గాలి పీల్చాడు. అంకె ఎక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి నా వైపు తిరిగి నవ్వాడు.

"ఎవురో పెట్టె కొట్టినారక్కా. లైఫ్ వచ్చింది."

ఇంజెక్షన్ పని చేసిందనుకున్నాను. ఇప్పటికీ ఆ మొదటిసారికి అదే కారణమని వాదించగలను. సాయంత్రం ప్రభు ఎలా ఉన్నాడని పెద్దాచారి ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పాను. ప్రభు లేకపోవడంతో ఆ పెట్టెను ఎవరూ తట్టడం లేదట. ఆ మధ్యాహ్నం అన్నం తిని లోపలికి పోతూ వాడు గుర్తొచ్చి తానే ఒక దెబ్బ తట్టానన్నాడు.

రెండోసారి ఇంజెక్షన్ లేదు. ప్రభు ఆయాసపడుతూ కిటికీ వైపు చూస్తున్నవాడల్లా, "ఇదో, ఆచారి కొట్నాడు" అన్నాడు. అంకె ఎక్కింది. నేను వెంటనే ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. "ఇంగా ఉలి చేతిలోనే ఉండాది తల్లీ, నీకెట్ల తెలిసె?" అన్నాడు పెద్దాచారి. వాడి చేతిలో ఫోన్ లేదు. ఆ గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఒకసారి జరిగితే కాకతాళీయం అంటాం. రెండుసార్లు జరిగినా అనవచ్చు, లెక్క ఒప్పుకుంటుంది. నేను అలాగే సర్దిచెప్పుకున్నాను.

మూడోసారి వాడికి ఊపిరి అందనప్పుడు నా లెక్కలన్నీ పక్కన పెట్టి నేనే ఫోన్ చేశాను. "ఆచారీ, కొట్టు" అన్నాను. ఫోన్లోనే నాకా గంట వినబడింది. చూస్తుండగానే అంకె ఎక్కింది. నర్సు మిషన్ చెడిందేమోనని తన వేలికి పెట్టుకుని చూసుకుంది.

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలంటారు. నేను బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. సంతోషమో భయమో నాకే తెలియలేదు. ఆ ఊపులోనే ఈ సంగతి అమ్మకు ఫోన్లో చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. "ఊఁ" అని పెట్టేసింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ప్రభు పొద్దున అంతా మగతగా పడున్నాడు. మధ్యాహ్నం దాటాక లేచి కూర్చున్నాడు. ఆక్సిజన్ గొట్టం పక్కకు తీసి, ఆకలేస్తోంది అన్నాడు. ఇడ్లీ తిన్నాడు. బనగానపల్లె మామిడిపండు అడిగితే కోసి పెట్టాను, టెంక కూడా చీకాడు. దువ్వెన అడిగి తల దువ్వుకున్నాడు. జబ్బు పడకముందు ప్రభు అలాగే ఉండేవాడు. అంకె నేను ఎన్నడూ చూడనంత పైకి పోయింది. డాక్టరు వచ్చి ఆ అంకె కాగితంలో రాసుకుని వెళ్ళాడు.

నవ్వుతూ మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి ఆగి చెవి ఒగ్గాడు. రాయిని తట్టినప్పుడు వాళ్ళు తల వంచి వింటారు చూడండి, అచ్చం అలాగే.

"అక్కా, ఎవురో ఇడ్సకుండా కొడ్తాండారు. ఇంగ సాలని చెప్పు. అది ఎన్నిసార్లిస్తాదో మనకు తెలీదు గదా."

పెద్దాచారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అమ్మకు చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆళ్లగడ్డ బస్సులో గంటంపావు ప్రయాణం, వాణ్ణి వదిలి పోలేను. ఒక చేత్తో వాడి చెయ్యి పట్టుకుని ఇంకో చేత్తో ఆ నంబర్లే నొక్కుతూ ఉన్నాను. "చెప్పినావా?" అని వాడు అడుగుతున్నాడు. "చెప్తాండా, చెప్తాండా" అంటున్నాను. నా జన్మలో అంత చేతకానిదాన్నై ఎప్పుడూ కూర్చోలేదు.

కాసేపటికి ప్రభు తల దిండుకు ఆన్చాడు. "ఆగిపాయ" అన్నాడు. అంతే. అంకె దిగడం మొదలైంది, ఈసారి తొందరపడకుండా. తెల్లవారేలోగా మా తమ్ముడు పోయాడు.

అక్కడ జరిగింది తర్వాత పెద్దాచారి చెప్పాడు. చర్చి అయ్యాక అమ్మ తెల్లచీరతో నేరుగా షెడ్డుకు వచ్చిందట. ఇన్నేళ్ళూ రోడ్డు దాటనిది, సగం చెక్కిన దేవుళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ లోపలికి పోయి, ప్రభు ఉలి ఏదని అడిగి తీసుకుందట. గుమ్మం కింద నిలబడి ప్రార్థన చేసుకుంటూ కొట్టడం మొదలుపెట్టిందట. ఆయన ఫోన్ మేకుకు తగిలించిన చొక్కా జేబులో, అమ్మ ఫోన్ చేతిసంచిలో ఉండిపోయాయి, మిషన్ల మోతలో ఎవరికీ వినబడలేదు. "తల్లి చెయ్యి నేనెట్ల పట్టుకుందు?" అన్నాడాయన. కొడుతుండగానే పెట్టె మూగబోయిందట. మట్టిగడ్డను కొట్టినట్టు దబ్బుమనిందట.

పెద్దాచారి దాన్ని దించి చూశాడు. పగులుంటే తెలియడానికి వాళ్ళ పద్ధతి ఒకటుంది. రాయిని తడిపి ఆరనిస్తారు, పగులున్నచోట తడి గీతలా నిలిచిపోతుంది. నా ఎదుటే తడిపాడు. పెట్టె అంతా ఒకేలా ఆరింది. కొక్కెం మార్చి తట్టాడు, తాడుతో వేలాడదీసి తట్టాడు. పలకలేదు. అదే రాయిలో మిగిలిన ఇంకో ముక్కను తడితే గంటలా మోగింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే స్నేహితురాలికి చూపిస్తే లోపల కంటికి కనబడని పగులు ఉండొచ్చంది. ఉండొచ్చు. అది పగలడానికి ఆ ఘడియే ఎందుకు దొరికిందని నేను అడగలేదు, ఆమెకు మాత్రం ఏం తెలుసు?

సమాధి కార్యక్రమం అయిపోయాక అమ్మ, వాడు చివరగా ఏమన్నాడని అడిగింది. చెప్పాను. దాచడం నా వల్ల కాలేదు.

"అయితే నేనే అయిపోగొట్టినానా పాపా?"

"ల్యేదమ్మా. రాయి రాయే. దానికేం తెలుసు?"

"రాయే అయితే ఎందుకు మూగబాయ?"

 ఆ ప్రశ్నతో పాటు ఇంకొకటి కూడా నన్ను వదలడం లేదు. ఆమె అన్నిసార్లు కొట్టకపోయి ఉంటే వాడు మామిడిపండు తిని, తల దువ్వుకుని, నవ్వే ఆ ఒక్క పూట కూడా నాకు దక్కేది కాదేమో. ఆ మాట ఆమెతో అందామని చాలాసార్లు నోటి దాకా వచ్చింది. ఓదార్పో, పుండు మీద కారమో తెలియక మింగేశాను.

పెట్టెను పెద్దాచారి మళ్ళీ గుమ్మానికే వేలాడదీశాడు. పనివాళ్ళు ఇప్పుడు తువ్వాళ్ళతో పాటు మాస్కులు కూడా కట్టుకుని, దాని కింద నుంచి తల వంచుకుని పోతారు. ఎవరూ తట్టరు.

అమ్మ మాత్రం ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాదు, ముందు అక్కడికి పోతుంది. మొన్న ఆళ్లగడ్డకు పోయినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఉలి అడగలేదు. మడమలెత్తి, వంచిన వేలితో పెట్టెను కింది నుంచి ఒక్కసారి తట్టి, తల వంచి విన్నది. రాయి పలకలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఈ పొద్దు గూడా ల్యేదు, పాపా" అని గుమ్మం దిగింది. ఏదో ఒక ఆదివారం అది పలికితే ఏం చేస్తావమ్మా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.