మూసిపెట్టిన బావి

ప్రపంచంలో దేన్ని చూసినా మా బాబాయికి ముడి చమురే కనిపించేది. ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీలో కార్మిక సంఘం నాయకుడాయన. పేపర్లో పీపా చమురు ధర చూడందే పళ్ళు తోముకునేవాడు కాదు. ఆయన పోయి నెలయింది. పేపరు రాగానే ఆ పేజీ ముందు తీసి పెట్టే అలవాటు పిన్నికి ఇంకా పోలేదు.

"చమురు అమ్మే దేశాలు ఒక గదిలో కూర్చుని రేటు చెబితే లోకమంతా నోరు మూసుకుని కొంటుంది. మేం మూడొందలమంది కూర్చుని మా చెమటకి రేటు చెబితే మాత్రం గొడవంటారు" అని ఆయన వాదన.

చమురు పెరిగితే జీతాలు పెంచమనేవాడు. తగ్గినా పెంచమనేవాడు.

"నిన్న చమురు పడిపోయిందిగా, మరి మీ జీతాలో?" అని మేనేజరు ఒకసారి నవ్వాడు.

"పడిపోతే వాళ్ళేం చేస్తారు సార్? తోడటం తగ్గిస్తారు. మేమూ అంతే."

ఆ వారమంతా బకెట్లు హ్యాండిళ్ళు లేకుండానే బయటికొచ్చాయి.

ఇంట్లో తగాదా వస్తే మాటలకి కోత పెట్టేవాడు. "రోజుకి పదే. గిరాకీ అదే పెరుగుతుంది."

"ఆ పదీ మీరే ఉంచుకోండి. పాతికేళ్ళ నిల్వ ఉంది నా దగ్గర" అనేది పిన్ని. రెండో రోజుకల్లా ఆయనే వచ్చి ఉచిత సరఫరా మొదలుపెట్టేవాడు.

నేనూ ఆ ఫ్యాక్టరీలోనే గుమాస్తాని. జీతాల చర్చల్లో ఎవరేమన్నదీ రాసుకోవడం నా పని. ఆఖరిసారి మేనేజరు అడిగినంతా ఇస్తానన్నాడు. ఒకటే మెలిక. షిఫ్టుకి వంద బకెట్లు తియ్యలేనివాళ్ళని ఇంటికి పంపెయ్యాలి. అలాంటివాడు ఒక్కడే, బకెట్ల అచ్చులు చూసే మేస్త్రి. చేతులు వణికి అరవై బకెట్లు దాటడం లేదు. పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది. కమిటీ సభ్యుడు కాబట్టి అదే బల్ల దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు.

"ఒప్పేసుకుందాం అన్నా" అని పక్కవాడు గొణిగాడు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "సార్, చమురు దేశాలు ఉన్న బావులన్నీ తోడేస్తాయా?"

"మొదలైంది" అన్నాడు మేనేజరు.

"తోడవు. కొన్ని మంచి బావులు మూసిపెట్టుకుంటాయి. అవి ఉన్నాయన్న ధైర్యంతోనే బజారు నిలబడుతుంది. మేస్త్రి మా మూసిపెట్టిన బావి."

"అంటే, పని చెయ్యనందుకు జీతమా?"

"చెయ్యగలిగినందుకు."

నాలుగు గంటలు సాగింది. బావులయ్యాయి, గొట్టాలయ్యాయి. మేనేజరు టై వదులు చేసుకున్నాడు, తర్వాత తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇందులోకి ఓడలెందుకొచ్చాయయ్యా?"

"చెబుతా సార్, ఇంకా రేవు దాటలేదు."

ఓడ రేవు దాటకముందే మేనేజరు కలం అందుకున్నాడు. "ఏమని రాయాలో చెప్పు, రాసేస్తాను." ఒప్పందంలో పద్నాలుగో అంశంగా 'నిల్వ సామర్థ్యం: మేస్త్రి ఒకరు' అని చేరింది.

"పెద్దాయనకి చేతులు వణుకుతున్నాయి, రెండేళ్ళు ఓపిక పట్టండి అంటే పోయేదిగా? దానికింత చమురెందుకు?" అని దార్లో విసుక్కున్నాను.

"ఆయన అక్కడే ఉన్నాడు కదరా" అన్నాడు బాబాయి.

ఇంటికొచ్చి నేను రాసుకున్నదంతా తిరగేశాను. నాలుగు గంటల్లో ఆ చేతుల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తే సందు బాబాయి ఇవ్వలేదు.

ఆ రెండేళ్ళూ మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, లోకంలో బజారంతా తన మీదే నిలబడ్డట్టు మెషిన్ల పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. మొన్న పరామర్శకి వచ్చి, పిన్ని ఎదురుగా నిటారుగా కూర్చుని అన్నాడు:

"ఏ అవసరమొచ్చినా కబురు చెయ్యమ్మా. నేనెలాగూ నిల్వలోనే ఉన్నాను."