గుండు ఎత్తకపోతే గుండే

ఆ రోజుల్లో మా హనుమకొండ కుర్రాళ్ళకు రెండే ఆస్తులుండేవి: చెవులు దాటిన జుట్టు, చెవులు చిల్లులుపడే వాదన. నాకు రెండూ పుష్కలం. కండ మాత్రం లేదు. మూఢనమ్మకాలతో పోరాడటానికి కండ కూడా కావాలని అప్పటికి నాకు తెలియదు.

ఎనభైల మొదట్లో సంగతి. మా వీధి చివర అమ్మవారి గద్దె పక్కన నున్నటి నల్లరాతి గుండు ఒకటుండేది. అమ్మ పేరు తలచుకుంటేనే అది లేస్తుందని, తలవనివాడు ఎంత బలశాలైనా కదపలేడని అందరి నమ్మకం. (తలచుకుని కూడా ఎత్తలేకపోయినవాళ్ళ మాట ఎవరూ అడగరు. వాళ్ళ భక్తి చాలలేదంతే.) ఒక ఆదివారం భోజనాల దగ్గర నేను ఈ సంగతి చీల్చి చెండాడుతుంటే, మా బొట్టు బావ, అంటే అక్క భర్త, రూపాయి బిళ్ళంత కుంకుమ కింద నుంచి చల్లగా చూశాడు. "ఉత్త మాటలెందుకు బామ్మర్దీ? అమ్మ పేరు తియ్యకుండ ఎత్తి చూపియ్యి. ఎత్తకపోతే గుండు కొట్టించుకోవాలె."

"ఎత్తుత! వానలు వెలిసినంక వచ్చే అమావాస్యనాడే ఎత్తుత!" అన్నాను. అక్క నా జుట్టువంక జాలిగా చూసింది.

మా మేనమామ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు తూకం వేసేవాడు. సాయంత్రాలు కొత్తవాడలో కుర్రాళ్ళతో కసరత్తులు చేయించే తాలింఖానా నడిపేవాడు. అక్కడికి పోయి నా సిద్ధాంతం వినిపించాను: గుండు ఎంత బరువో మొదటిరోజే అంత బరువు పట్టుకోవాలి, లేచేదాకా పట్టు వదలకూడదు, తేలికవి ఎత్తడం కాలయాపన. మామ ఇసుక నిండిన బస్తా చూపించాడు. దాన్ని కౌగిలించుకున్నాను. అదీ లేవలేదు, నేనూ లేవలేదు. రిక్షాలో ఇంటికి చేర్చారు. నడుము పట్టేసి కొన్నాళ్ళు అందరికీ దండం పెడుతున్నవాడిలా వంగి తిరిగాను. "గిప్పుడు కనపడుతాంది భక్తి" అని బావ సంతోషించాడు.

మళ్ళీ వెళితే మామ సగానికిపైగా ఇసుక తీసేశాడు. "జర ఆగి చెయ్యి అల్లుడా. దించినంక, ఇంకో రెండుసార్లు ఎత్తుత అనిపించాలె. గదే నీ బరువు. ఎనిమిదిసార్లు చాలు. అలకగ అయినప్పుడు దోసెడు ఇసుక కలుపుదాం."

బరువు దగ్గర రాజీ కుదిరింది గానీ లెక్క దగ్గర యుద్ధం మొదలైంది. మామది మార్కెట్ లెక్క. అందులో మొదటిది 'ఒకటి' కాదు, 'లాభం'. ఏడును ఏడు అనరు, అంటే ఏడుపు వస్తుందట. 'ఆరున్నొకటి' అనాలి.

"అంకెకు ఏడుపేంది మామా? ఇది మూఢనమ్మకం!"

"అయితే కానీ. లాభం అను."

"ఒకటి!"

"ఇంకా షురువే కాలేదు. లాభం అను బిడ్డా, నడుము పోతది."

బస్తా చేతుల్లో పెట్టుకుని ఎవరైనా ఎంతసేపు వాదించగలరు? లొంగిపోయాను. (నాతోపాటు మూఢనమ్మకాల మీద వాదించే చర్చావేదిక మిత్రులకు దీన్ని వ్యూహాత్మక వెనకడుగని చెప్పాను.) దోసెడు దోసెడుగా బస్తా నిండింది, చొక్కా భుజాల దగ్గర బిగుసుకుంది.

అమావాస్య ఉదయం వీధంతా చేరింది. బావ క్షౌరం చేసే ఆయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. నేను మోకాళ్ళు వంచి, గుండు కిందికి వేళ్ళు పోనిచ్చి, ఊపిరి బిగించి లేపాను. లేచింది! రొమ్ముదాకా వచ్చింది! ఆ ఊపులో నా గొంతులోంచి పెద్ద కేక వెలువడింది: "లాభం!"

గుండు దించాను. "మంత్రం సదివిండు!" అంది ఓ ముసలమ్మ.

"మంత్రం కాదవ్వా, లెక్క!"

"లెక్కయితే ఒకటి అంటరు గద బామ్మర్దీ?" అన్నాడు బావ.

"నోరు మూస్కొని మళ్ళ ఎత్తుతడు, సూడుండ్రి" అన్నాడు మామ. పెదవులు బిగించి మళ్ళీ ఎత్తాను.

"మనసుల అనుకున్నడు" అంది ముసలమ్మ తృప్తిగా.

బావ చేతులు జోడించాడు. "అమ్మ కనికరించినోని జుట్టు నేనెట్ల తీపిస్త?" అని వచ్చినాయన్ని పంపేశాడు.

జుట్టు దక్కింది, వాదం పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా వీధిలో ఆ గుండును ఎత్తేవాళ్ళంతా అమ్మ పేరుతోపాటు "లాభం" అని కూడా అరిచేవారు. ఒక నమ్మకాన్ని తీసేయబోయి ఇంకొకటి కలిపాను. అయినా, రాయిని ఎత్తి ఊరిని మార్చేద్దామనుకున్న ఆ సన్నటి కుర్రాడు గుర్తొస్తే కోపం రాదు. దగ్గరికి పిలిచి, కొంచెం నిదానం నాయనా అని చెప్పాలనిపిస్తుంది. వాడు వింటాడా? నిదానమంటే ఏమిటో ముందు నిర్వచించమంటాడు.