పోర్టు తెలుపు

మా ఇంట్లో చెప్పులు లేకుండా వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా నడిస్తే చాలు, అరికాళ్ళు పెనం అడుగులా తయారవుతాయి. అదీ పొద్దున్నే తుడిచిన గచ్చు. విశాఖ పాతపట్నంలో, పోర్టుకి కూతవేటు దూరంలో మా కాపురం. అక్కడ బొగ్గు దిగుతుంది, గాలి ఇటు తిరుగుతుంది, మేం తింటాం. పెళ్ళై వచ్చిన కొత్తలో పెరుగు మీద నల్లటి నలుసులు చూసి కంచం ముందు నుంచి లేచిపోయాను. మా అత్తగారు చిటికెన వేలితో వాటిని తీసి పారేసి, "అలవాటైపోద్దిలేవే. మాకు అవ్వలేదేటి?" అంది.

ఆ మాటంటే నాకు అప్పుడూ రోతే, ఇప్పుడూ రోతే. కానీ ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. ఏడాది తిరక్కుండా నేనూ చిటికెన వేలు వాడటం నేర్చుకున్నాను. ఇంకో ఏడాదికి అదీ మానేసి కలుపుకుని తినేశాను.

మా వీధి చివర ఒక దర్జీ ఉన్నాడు. ఆయన తాత కూడా అదే గదిలో మిషను తొక్కాడట. అందరం భాయ్ అంటాం. ఒకసారి తెల్ల గుడ్డ అడిగితే బూడిద రంగు తాను తీసి నా ముందు పరిచాడు. "ఇది పోర్టు తెలుపు మేడమ్. అసలు తెలుపు తీసుకుని ఏం చేస్తారు? నాలుగు ఉతుకులకి ఎలాగూ ఈ రంగుకే వస్తుంది" అన్నాడు. మా వీధిలో తెల్లబట్ట ఎవరూ బయట ఆరేయరు. పండగ నమాజుకి వేసుకునే తెల్ల కుర్తా భాయ్ కూడా తలుపులు మూసి, ఫ్యాను కిందే ఆరబెట్టుకుంటాడు. ఆ రోజు ఆ పేరు విని పడీ పడీ నవ్వాను. పైగా దాన్ని క్లాసులోకి కూడా పట్టుకెళ్ళాను.

గాజువాకలో ఒక ఇంటర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పరిణామం పాఠంలో చెట్టు బెరడు మీద వాలే రెక్కల పురుగుల కథ ఉంటుంది. పొగకి బెరడు నల్లబడింది, తెల్ల పురుగులు పక్షుల కంటబడి పోయాయి, నల్లవి మిగిలాయి. అది చెప్పి, వెంటనే మా భాయ్ గుడ్డ సంగతి చెప్పేదాన్ని. క్లాసంతా నవ్వేది. పురుగు రంగు మారినట్టే వీధి ఆచారం మారుతుంది, మనిషీ మారతాడు, ఎదగడమంటే ఇదేనర్రా అని పెద్ద జ్ఞానిలా ముగించేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొంతు విని నాకే వెగటు పుడుతుంది.

ఒక ఏడు, చివరి బెంచీలో కూచునే అమ్మాయి లేచి, "మరి తెల్ల పురుగులు తప్పేటి సేసేయి మేడమ్?" అంది.

"తప్పేం లేదు. అలవాటు పడలేకపోయాయి" అన్నాను. అత్తగారి మాటే, కాస్త ఇస్త్రీ చేసి.

అప్పటికి మా పాప మూడో తరగతి. ఆ చలికాలం నుంచి దగ్గు పట్టుకుంది. డాక్టరు పీల్చే మందు రెండు పూటలా రాసి, "పాపకి దుమ్ము పడటం లేదు. వీలైతే ఇల్లు మారండి" అన్నాడు. ఇల్లు అత్తగారిది. అమ్మని వదిలి ఎక్కడికెళ్తాం అన్నారు మా ఆయన. నేను పోట్లాడలేదు. ఎందుకంటే కాలేజీ బస్సు మా వీధి మొగలోనే ఆగుతుంది. ఆ సుఖం కూడా అలవాటే.

ఇల్లు మార్చలేనిదాన్ని, దగ్గు మీద పడ్డాను. "ఊరికే దగ్గకు", "నీళ్ళు తాగు", "కావాలని దగ్గుతున్నావా?" అంటూ. ఒక మాట దాచకుండా చెప్పాలి. దాని గొంతులో కఫం గురగురలాడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. కన్నబిడ్డ దగ్గు వింటే నాకు అసహ్యం వేసేది. మొహం చిట్లించుకుని కంచం పక్కకి జరుపుకునేదాన్ని. అది చూసేది.

నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. "సూసేవా, నాను సెప్పలేదేటి? పిల్లకి అలవాటైపోనాది" అంది అత్తగారు. నాకూ అలాగే అనిపించింది. రెండు పూటల మందు ఒక పూటకి దించేశాను.

దగ్గు పోయింది గానీ కొత్త జబ్బు మొదలైందనుకున్నాను, నీళ్ళు పారబోసే జబ్బు. మాకు కుళాయి పొద్దున్న ఒక్క గంటే వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇది స్నానాల గదిలో దూరి కుళాయి పూర్తిగా తిప్పేసేది. బకెట్టు నిండి పొర్లిపోయేది. "సముద్రం పక్కనుందని సముద్రమే వస్తోందనుకున్నావేటే కుళాయిలో!" అని బయట నుంచి అరిచేదాన్ని. ఎర్రటి కళ్ళతో వచ్చి, సబ్బు పడిందమ్మా అనేది. నమ్మేదాన్ని.

ఒక శనివారం, స్కూలుకి తెల్ల యూనిఫాం వేసుకునే రోజు, గంట కాకుండానే నీళ్ళు ఆగిపోయాయి. కుళాయి రెండుసార్లు గుటకలు మింగి ఊరుకుంది. స్నానాల గది తలుపు వెనక నుంచి దగ్గు వినిపించింది. ఊపిరి తీసుకునే సందు లేని దగ్గు.

తలుపు తోశాను. నా బిడ్డ తడి గచ్చు మీద చతికిలబడి, తువాలు ఉండచేసి నోట్లో కుక్కుకుని ఉంది. నన్ను చూడగానే గబగబా కుళాయి ఇంకా తిప్పింది. రాలేదు. దొంగతనం దొరికిపోయినట్టు ఏడ్చేసింది.

"ఎన్నాళ్ళ నుంచే ఇలాగ?"

"నీకు సిరాకు కదమ్మా. ఇనపడకుండా తిప్పుతన్నాను."

వెనక నుంచి అత్తగారు ఏటైందే, ఏటైందే అంటోంది. మూడో తరగతి పిల్ల బతకడానికి ఏం చెయ్యాలో చూసుకుంది. నల్లబడటం దాని వల్ల కాలేదు. పక్షిని చూసి దాక్కోవడం నేర్చుకుంది. ఆ పక్షిని నేను. అంతమందికి పాఠం చెప్పిన నోటి మీద చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపించింది.

మందు తెచ్చి పీల్పించాను. మంచం మీద ఒళ్ళో కూచోబెట్టుకున్నాను. దాని వీపు నా చేతి కింద ఎగిరెగిరి పడుతోంది. పెదాలు మాత్రం గట్టిగా బిగించుకుని ఉంది.

"దగ్గమ్మా" అన్నాను. "ఎంతొస్తే అంత దగ్గు."

ముందు తలెత్తి నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. తరవాతే దగ్గింది.